చేతికట్టు మీద సంతకం

పదకొండూ ఇరవైకి వెండెల్ ప్రూయిట్ లెఫ్టినెంట్ హాస్కిల్ గదిలో అడుగు పెట్టాడు. మొదట అతని కంటబడింది హాస్కిల్ కాదు, బల్ల మీది పింగాణీ గిన్నె. అంచు దగ్గర పెచ్చు ఊడిన తెల్ల గిన్నె. అందులో చిలగడదుంపతో చేసిన 'పై' అనే తీపి వంటకం సగం మిగిలి ఉంది. ఆ పెచ్చు ఊడగొట్టింది వెండెలే, తొమ్మిదేళ్ళ కిందట, అంట్లు కడుగుతూ. అప్పట్లో ఆ గిన్నె అతని ఇంట్లో ఉండేది. లొరెయిన్ కూడా అతని భార్యగా ఆ ఇంట్లోనే ఉండేది.

హత్య కేసు మీద వచ్చిన మనిషి తిండి గిన్నె చూసి కుళ్ళుకోవడమేమిటని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాడే గాని కుళ్ళుకోవడం మానలేదు.

"కూర్చో వెండెల్. తింటావా? లొరెయిన్ ఎప్పుడూ ఇద్దరికి సరిపడా పెడుతుంది" అన్నాడు హాస్కిల్.

"ఒకప్పుడు నాకొక్కడికే అంత పెట్టేదిలే. విషయానికి రా."

ఇద్దరూ ఫిలడెల్ఫియా పోలీసు కారులో ఆరేళ్ళు పక్కపక్కన కూర్చుని గస్తీ తిరిగినవాళ్ళు. ఒకడు లెఫ్టినెంట్ అయ్యాడు. రెండోవాడు ఉద్యోగం విడిచిపెట్టి, తలుపు మీద తన పేరు రాయించుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. ఆ తలుపు తట్టేవాళ్ళు నెలకు ముగ్గురు, బాగుంటే నలుగురు.

"నిన్ను పెట్టుకున్నది ఎవరు?"

"ఎర్నెస్టీన్ బర్డెట్."

హాస్కిల్ చేతిలోని చెంచా ఆగింది. "చచ్చిపోయినవాడి పెళ్ళామా? మొగుణ్ణి చంపినవాణ్ణి విడిపించమని డబ్బిచ్చిందా?"

"చంపింది వాడు కాదంటోంది."

"వాడే కాదనడం లేదయ్యా." హాస్కిల్ ఫైలు ముందుకు తోశాడు. "చూసుకో. నిన్న పొద్దున ఏడూ పది. టైర్ల షాపాయన పైఅంతస్తు జిమ్ములో లైటు వెలుగుతుంటే ఎక్కి చూశాడు. క్లియోఫస్ బర్డెట్ రింగ్ మధ్యలో పడి ఉన్నాడు. పోయి గంట కూడా కాలేదు. తల ఎవరి ఒళ్ళో ఉంది? అమోస్ టాలివర్ ఒళ్ళో. యాభై ఒకటిలో, యాభై మూడులో, యాభై నాలుగులో ఎవడితో కొట్టుకున్నాడో వాడి ఒళ్ళో."

ఆ మూడు బాక్సింగ్ పోటీల సంగతి వెండెల్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. మొదటిది అమోస్ గెలిచాడు. రెండోది క్లియో గెలిచాడు. మూడోది పదిహేను రౌండ్లూ సాగి, ఒకే ఒక్క పాయింటు తేడాతో క్లియో వైపు మొగ్గింది. ముప్ఫై ఏళ్ళు కావస్తున్నా ఈ ఊళ్ళో మంగలి షాపుల్లో ఆ పాయింటు మీద కొట్లాటలు జరుగుతూనే ఉన్నాయి.

"ఎలా పోయాడు?"

"అక్కడే ఎర్ర మూత నీళ్ళ సీసా ఉంది. అందులో గుండె మాత్రలు పొడి చేసి కలిపారు. ల్యాబ్ కాగితం ఇందాకే వచ్చింది. అమోస్ జేబులో అవే మాత్రల డబ్బా. ముప్ఫై ఉండాల్సింది, ఎనిమిదే ఉన్నాయి."

"ఆ వయసు వాళ్ళలో సగం మంది ఆ మాత్రలే మింగుతున్నారు. పైగా అమోస్‌కి మతిమరుపు. వేసుకున్నది మరిచిపోయి మళ్ళీ వేసుకుంటాడు."

"మరి కారణం? వచ్చే నెల జిమ్ము ఎదురుగా కంచు విగ్రహం పెడుతున్నారు. క్లియోది. పక్కన బకెట్ పట్టుకుని అతని ట్రైనర్ లెస్టర్ మింగోది. అమోస్ పేరు మీద ఇటుక ముక్క కూడా లేదు. కుళ్ళంటే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా వెండెల్?"

ఆ మాట సూటిగా తగిలింది. వెండెల్ ఫొటోలు తిరగేశాడు. క్లియో రెండు చేతులకూ గాజుగుడ్డ చుట్టి, దాని మీద టేపు వేసి ఉంది. చక్కని పనితనం, ఒక్క ముడత లేదు. కుడి మణికట్టు దగ్గర టేపు మీద నల్ల సిరాతో వంకరటింకరగా 'ఎ. టాలివర్' అని ఉంది.

"చూశావుగా. కట్టు కట్టి, తన పేరు కూడా రాసుకున్నాడు. వేటాడిన జింక మీద ముద్ర వేసినట్టు."

వెండెల్ ఆ ఫొటోను అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే చూశాడు. హాస్కిల్ చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడాడు గాని జన్మలో చేతికి కట్టు కట్టించుకోలేదు. బాక్సింగ్‌లో కట్టు కట్టినవాడు దాని మీద సంతకం పెట్టడు. లోపల ఇనుప ముక్కో సున్నపు పొడో దాచలేదని ఎదుటి పక్షం మనిషి నిలబడి చూసి, సరేనని వాడు పెడతాడు. అంటే ఈ కట్టు అమోస్ కట్టలేదు. అమోస్ పక్కన నిలబడి చూశాడు. కట్టినవాడు మూడోవాడు.

ఈ ముక్క అప్పుడే చెప్పేయొచ్చు. వెండెల్ నోరు తెరిచాడు కూడా. అంతలో హాస్కిల్ చెంచాతో గిన్నె అంచు గీకాడు. సరిగ్గా ఆ పెచ్చు ఊడిన చోటే. వెండెల్ నోరు మూసుకున్నాడు. సాయంత్రం అందరి ముందు చెప్తే ఈ మొహం ఎలా మాడుతుందో చూడాలనిపించింది.

"అమోస్‌తో పది నిమిషాలు" అన్నాడు.

"తీసుకో. నాలుగింటికి ప్రాసిక్యూటర్ మనిషి వస్తాడు. అమోస్ ఒప్పుకోలు మీద సంతకం పెడతానంటున్నాడు. అది పెట్టాక నువ్వు కాదు, దేవుడొచ్చినా విడిపించలేడు."

*

అమోస్ టాలివర్‌కు అరవై ఏళ్ళు. భుజాలు ఇంకా తలుపంత వెడల్పు ఉన్నాయి గాని చేతివేళ్ళు కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. అతని ముందు నీళ్ళ గ్లాసు నిండుగా, ముట్టుకోకుండా ఉంది. హాస్కిల్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, నన్ను గుర్తుపట్టావా?"

"ప్రూయిట్ వాళ్ళ అబ్బాయివి. ఆరు పోటీలు ఆడి నాలుగు ఓడిపోయావ్. ఎడమ చెయ్యి దించేసేవాడివి."

"ఐదు ఓడిపోయాను."

"నీ మొహం చూసి ఒకటి తగ్గించాలే."

వెండెల్ కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. "నిన్న పొద్దున జిమ్ములో ఏం జరిగింది?"

"ఏముంది, ప్రతి ఏడూ జరిగేదే. అక్టోబర్ పద్నాలుగు, మా మూడో పోటీ రోజు. తెల్లారగట్ల ఐదింటికి కలుస్తాం. నా వేళ్ళు మడవలేను కదా, నేను ప్యాడ్లు పడతా, వాడు గుద్దుతాడు. ఒక్క రౌండే. తర్వాత తాళ్ళకి ఆనుకుని కూర్చుని ఇద్దరం కలిసి నీళ్ళు తాగుతాం. అప్పుడు ఓటింగు పెడతాం."

"ఏం ఓటింగు?"

"ఆ పోటీ గెలిచిందెవరని. చెరో ఓటు. ఇరవై ఏళ్ళుగా సమానం."

హాస్కిల్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. వెండెల్ గొంతు తగ్గించి అడిగాడు. "నిన్న క్లియోకి చేతికట్టు ఎవరు కట్టారు బాబాయ్?"

"లెస్టర్. క్లియో చేతులు లెస్టర్ కాక ఇంకెవడు ముట్టుకుంటాడు? కుర్చీ తిప్పేసుకుని కూర్చున్నాడు. కత్తెరతో టేపు ముక్కలు కత్తిరించి కుర్చీ వీపుకి వేలాడేశాడు. అంతా అయ్యాక కలం ఇచ్చాడు. పెట్టాను సంతకం."

"ఇదిగో, మొదలైంది" అన్నాడు హాస్కిల్. "లెస్టర్ మింగో మీ ఇద్దరితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. అమోస్, ఆ టైంలో నీ ఒంటి మీద ఏం బట్టలున్నాయి?"

"తెల్ల పట్టు లాగు. నీలం అంచు."

"విన్నావా? అది యాభై నాలుగు. నిన్నటిదీ అప్పటిదీ కలిపి కలగాపులగం చేస్తాడు. రాత్రి నుంచీ ఇదే వరస."

అమోస్ మొహం చిన్నబోయింది. ఎక్కడ తప్పాడో అతనికి తెలియలేదు. మెల్లగా అడిగాడు. "అబ్బాయ్, నేనే చంపానా వాణ్ణి?"

"నువ్వు చెప్పాలి బాబాయ్."

"వాడి తల నా ఒళ్ళో ఉంది. అంతకుముందుది గుర్తు రావడం లేదు. నేను గట్టిగా తోసి ఉంటే? నీళ్ళల్లో ఏదో కలిపానంటున్నారు, కలిపి మరిచిపోయి ఉంటే? ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. వాడి ఇంటావిడకి ఎవరో ఒకరు దొరికారన్న నెమ్మదైనా ఉంటుంది."

 వెండెల్ గ్లాసు అతని వైపు జరిపాడు. "ముందు నీళ్ళు తాగు. పెదాలు ఎండిపోయాయి."

"ఆ నీళ్ళు నేను తాగను. నా సీసా నా సంచిలో ఉంది. నీలం మూత. అది ఇమ్మనండి."

"నిన్నటి నుంచీ గ్లాసు ముట్టలేదు. కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగుతున్నాడు" అన్నాడు హాస్కిల్ విసుగ్గా.

"ముట్టడు మరి. రింగ్‌లో పరాయి మూల నుంచి, అంటే ఎదుటి పక్షం నుంచి వచ్చిన నీళ్ళు బాక్సర్ తాగడు. అతని సీసా అతనికి ఇవ్వు."

"సొంత సామాను సీలు వేసి పెట్టాను. రూలు."

వెండెల్‌కు అవకాశం దొరికింది. వదల్లేదు. "రూలా? అరవై ఏళ్ళ మతిమరుపు మనిషిని, సొంత నీళ్ళు కూడా ఇవ్వకుండా ఎండబెట్టి, ఒప్పుకోలు రాయించుకున్నాడు లెఫ్టినెంట్ హాస్కిల్. రేపు పేపర్లో ఎంత పెద్ద అక్షరాలతో వేయమంటావు? ఫొటోకి టై మార్చుకుంటావా, లొరెయిన్ కొన్నది ఇదే ఉంచమంటావా?"

హాస్కిల్ చెవులు ఎర్రబడ్డాయి.  "నాలుగింటికి ఆ పెద్దమనిషి రాగానే, ఆయన ఎదురుగానే ఇస్తాను. సరేనా?"

"చాలా సంతోషం" అన్నాడు వెండెల్. నిజంగానే సంతోషమేసింది. ఇన్నేళ్ళలో హాస్కిల్ మీద అతను గెలిచిన మొదటి రౌండు అది.

*

ఒంటిగంటా ఐదుకు ఎర్నెస్టీన్ బర్డెట్ జిమ్ము తలుపు తాళం తీసింది. నల్ల కోటు, నల్ల టోపీ. ఏడ్చిన జాడ లేదు. రింగ్ దగ్గరికి రాకుండా తలుపు పక్క బెంచీ మీదే కూర్చుంది.

"మీరు లోపలికి రారా అమ్మా?"

"ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నన్ను ఆ తాళ్ళ అవతలికి రానివ్వలేదు. ఇప్పుడెందుకు?"

వెండెల్ పని మొదలుపెట్టాడు. శవం పడి ఉన్న చోట సుద్దగీత ఉంది. క్లియో కూర్చునే ఎర్ర మూల దగ్గర సీసా పెట్టిన తడి ఆరిన మరక. అమోస్ వైపు నీలం మూల దగ్గర, నేల మీద ప్యాడ్లు రెండు. ఎర్ర మూల వెనక ఒక చెక్క కుర్చీ, వీపు ముందుకు తిప్పి ఉంది. చేతికట్టు కట్టేవాడు అలాగే కూర్చుంటాడు, ఎదుటివాడి చెయ్యి కుర్చీ వీపు మీద ఆనించి. ఆ వీపు మీద వాడగా మిగిలిన టేపు పీలికలు మూడు ఇంకా వేలాడుతున్నాయి. వేళ్ళ సందుల్లో వేసే సన్నపాటి పీలికలు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పీలికల కొసలు నూలు పోగు లేవకుండా నున్నగా తెగి ఉన్నాయి. కత్తెర. అమోస్ వంకర వేళ్ళతో కత్తెర పట్టి ఇంత సన్నగా కోయడం అయ్యే పని కాదు.

'కత్తెరతో టేపు ముక్కలు కత్తిరించి కుర్చీ వీపుకి వేలాడేశాడు.'

వెండెల్ లేచి నిలబడ్డాడు. యాభై నాలుగు అన్నాడు హాస్కిల్. తనూ అవునేమో అనుకున్నాడు. కానీ యాభై నాలుగులో క్లియో గదిలోకి అమోస్ అడుగు ఎలా పెడతాడు? పోటీకి ముందు బాక్సర్ ఎవడి గదిలో వాడుంటాడు. ఎదుటివాడి కట్టు చూసి సంతకం పెట్టడానికి వెళ్ళేది వాడి మనిషి. అమోస్ తన చేత్తో సంతకం పెట్టాడంటే, అది యాభై నాలుగు కానే కాదు. నిన్నే. పట్టు లాగు ఒక్కటే పాతది. మిగతాదంతా నిన్నటిది.

"ఎర్నెస్టీన్ గారూ, నిన్న లెస్టర్ మింగో ఇక్కడికి వచ్చాడా?"

"లెస్టరా? అతను ఇటు వచ్చి ఎన్నేళ్ళో అయింది. క్లియో అమోస్‌తో రాజీ పడ్డాడని తెలిసిన రోజు నుంచీ మాటల్లేవు. మళ్ళీ విగ్రహం పుణ్యమా అని ఈ వేసవిలోనే పలకరింపులు మొదలయ్యాయి."

"ఆ సంగతి కాస్త చెప్పండి."

ఆమె చేతిసంచి తెరిచి మడత పెట్టిన కాగితం తీసింది. "సోమవారం శిల్పికి ఆయన రాసిన ఉత్తరం. నకలు వంటింటి డ్రాయర్‌లో దొరికింది. చదువుకోండి."

క్లియో చేతిరాత పెద్దపెద్ద అక్షరాలు. 'అయ్యా, బకెట్ పట్టుకున్న మనిషిని తీసెయ్యండి. ఆ చోట అమోస్ టాలివర్‌ను పెట్టండి, నాకు ఎదురుగా. ఎదురుగా ఎవడూ లేకపోతే నేను గాలిని గుద్దే పిచ్చివాడిలా ఉంటాను. అమోస్ లేకుండా నేను లేను. ఇది కుదరకపోతే విగ్రహమే వద్దు.'

"ఈ సంగతి లెస్టర్‌కి తెలుసా?"

"మంగళవారం ఆయనే వెళ్ళి చెప్పొచ్చాడు. 'ఎలా తీసుకున్నాడు?' అని అడిగితే 'నవ్వాడు ఎర్నీ' అన్నాడు. మా ఆయనకి మనుషుల మొహాలు చదవడం రాదు. రింగ్‌లో తప్ప."

ఆమె తాళంచెవి వేలికి తిప్పుకుంది. తర్వాత అడగకుండానే చెప్పింది. "అమోస్ అంటే నాకు ఒళ్ళుమంట. దాచుకునేదేముంది? పక్కలో పడుకుని నిద్రలో నా పేరు ఒక్కసారి అనలేదు ఆయన. 'అమోస్, ఎడమ చెయ్యెత్తు, అమోస్' అనేవాడు. ఇంకో ఆడది అయితే జుట్టు పట్టుకునేదాన్ని. ఈ మనిషిని ఏం చెయ్యను? కానీ చంపింది అమోస్ కాదు. నాకెంత కోపమున్నా ఆ అబద్ధం మాత్రం చెప్పలేను."

వెండెల్ తల ఊపాడు.  ఆ కుళ్ళు జబ్బు అతనికీ ఉంది.

ఒక్కటే ముడి మిగిలింది. లెస్టర్ మింగో టేపు కత్తెరతో కోసే మనిషి కాడు. ముందు పళ్ళతో పట్టి చర్రున చింపేవాడు. పేపర్లలో కార్టూన్లు కూడా వేసేవారు, మొసలిలా. కత్తెర పట్టేవాళ్ళు దర్జీలని ఎగతాళి చేసేవాడు. చిన్నప్పుడు వెండెల్ చేతికి కట్టు కట్టినప్పుడూ ఆ పళ్ళ గాట్లు టేపు కొసల మీద ఉండేవి. మరి కత్తెర ఎక్కడి నుంచి వచ్చింది?

*

మూడూ ఇరవై ఐదుకు లెస్టర్ మింగో తలుపు తీశాడు. డెబ్బై నాలుగేళ్ళు, గట్టి మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. రెండు గదుల ఇల్లు. గోడల నిండా క్లియో ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ క్లియో భుజం వెనక లెస్టర్ సగం మొహం.

"రారా అబ్బాయ్. కాఫీ తాగుతావా? అమోస్ గాణ్ణి లోపలేశారట కదా, రేడియోలో చెప్పారు" అన్నాడు. మాట కాస్త ముద్దగా వస్తోంది.

అలమరలో మోకాలెత్తు సున్నపు బొమ్మ ఒకటి ఉంది. విగ్రహానికి నమూనా. పిడికిళ్ళు ఎత్తిన క్లియో, పక్కన బకెట్‌తో లెస్టర్. లెస్టర్ బొమ్మ భుజం మీద సున్నం చేతులు తగిలి తగిలి నల్లబడింది.

ముసలాయన బల్ల ముందు కూర్చుని రొట్టె ముక్క కాఫీలో ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకున్నాడు. వెండెల్ ఆ నోటి వంక చూశాడు. తర్వాత సింకు పక్కనున్న గాజు గ్లాసు వంక చూశాడు. అందులో కట్టుడు పళ్ళ సెట్టు నీళ్ళల్లో నవ్వుతోంది. కొత్తది, చిగుళ్ళ రంగు కూడా వెలిసిపోలేదు.

"పళ్ళు ఎప్పుడు తీయించావ్ మింగో బాబాయ్?"

"ఎనిమిది రోజులైంది. పన్నెండు ఒక్కసారే పీకాడు దొంగ సచ్చినోడు. ఈ సెట్టు పెట్టుకుంటే చిగుళ్ళు కోసుకుపోతున్నాయి. ఇంట్లోంచి బయటికే పోవడం లేదు. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది."

"ఇంకెవరికీ తెలియదా?"

"డాక్టరుకి తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు."

"అమోస్‌ని చివరిసారి ఎప్పుడు చూశావ్?"

"యాభై ఎనిమిదో, తొమ్మిదో. వాడి మొహం చూడాల్సిన ఖర్మ నాకేంటి?"

వెండెల్ కాఫీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. "అమోస్‌కి మతి లేదు. నిన్నటిది గుర్తుండదు. కానీ ఒక మాట చెప్పాడు. లెస్టర్ కుర్చీ తిప్పి కూర్చుని కత్తెరతో టేపు కోశాడు అని. ఈ ఊళ్ళో ఎవర్ని లేపి అడిగినా లెస్టర్ పళ్ళతో చింపుతాడనే చెప్తారు. నువ్వు కత్తెర పట్టావని తెలియాలంటే ఈ ఎనిమిది రోజుల్లో నిన్ను చూసి ఉండాలి. అమోస్ ఎక్కడ చూశాడు బాబాయ్?"

లెస్టర్ రొట్టె నమలడం ఆపాడు. అబద్ధం వెతుక్కుంటున్న మొహం కాదు అది. పదిహేనో రౌండు గంట కోసం ఎదురుచూస్తున్న మొహం.

"కట్టు చూశావా?" అన్నాడు చివరికి. "ఫొటోలో చూసుంటావ్. ఎలా ఉంది?"

"ఒక్క ముడత లేదు."

"ఉండదు. ఆ చేతులు నావి అబ్బాయ్. పద్నాలుగేళ్ళు వాటిని నేను కట్టాను. వాడి కనుబొమ్మ చీలితే నెత్తురు ఈ బొటనవేలితో ఆపాను. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, వాడే నాకు. పేపరోళ్ళు వచ్చి అడిగితే ఏమంటాడు? 'అమోస్ లేకుండా నేను లేను' అంటాడు. మరి నేనెవణ్ణిరా? బకెట్‌నా?" అతని గొంతు పెరగలేదు. "మంగళవారం ఇదే కుర్చీలో కూర్చుని, నా చోటు వాడికిస్తున్నానని నవ్వుతూ చెప్పాడు. అక్కడితో ఆగాడా? 'శుక్రవారం పొద్దున నువ్వూ రా లెస్టర్, ఒక్కసారి నా చేతులు కట్టు, అమోస్ సంతోషపడతాడు' అన్నాడు. అమోస్ సంతోషపడతాడట."

 పెచ్చు ఊడిన తెల్ల గిన్నె వెండెల్ కళ్ళ ముందు కదిలింది. ఈ ముసలివాడికీ తనకూ మధ్య దూరం తను అనుకున్నంత లేదు.

"కట్టాను. నా చేత్తోనే నీళ్ళు నోట్లో పోశాను, ఎప్పట్లాగే. వాడూ ఎప్పట్లాగే నోరు తెరిచాడు. ఐదూ నలభైకి బయటికొచ్చేశాను." లెస్టర్ ముందుకు వంగాడు. "ఒకటి చెప్పు. అమోస్ ఇంకా ఎలా బతికున్నాడు? నీలం సీసా ఏమైంది?"

"నీలం సీసా?"

"రెండూ నేనే నింపాను కదా. ఎర్రది, నీలంది. రెండింట్లోనూ ఒకే కొలత. ఇద్దరూ కలిసి కూర్చుని తాగుతారట కదా, కలిసే పోతారనుకున్నా."

వెండెల్ తల తిప్పి చూశాడు. గోడ గడియారం మూడూ యాభై ఎనిమిది చూపిస్తోంది. నాలుగింటికి ఇస్తానన్నాడు హాస్కిల్. ఇమ్మని మెడ మీద కూర్చున్నది తను. ఒక్క రౌండు గెలవాలని. కట్టు మీది సంతకం గురించి పొద్దున్నే చెప్పి ఉంటే ఆ సీసా ఈపాటికి ల్యాబ్‌లో ఉండేది.

కుర్చీ తన్నేసి గోడకున్న ఫోను అందుకున్నాడు. నంబరు తిప్పాడు.

"హాస్కిల్."

"రే, ఆ నీలం సీసా అమోస్‌కి ఇవ్వకు."

"ఇచ్చేశానే. ప్రాసిక్యూటర్ మనిషి కాస్త ముందే వచ్చాడు. ఇచ్చి ఐదు నిమిషాలైంది. నువ్వేగా పేపర్లో వేయిస్తానని గోల చేశావు."

"అందులోనూ మందుంది. కలిపినవాడు నా ఎదురుగా కూర్చున్నాడు. లాక్కో రే. నీ కాళ్ళు పట్టుకుంటాను, పరిగెత్తు."

ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు. కుర్చీ పడిన చప్పుడు. బూట్ల పరుగు దూరమైంది. వెండెల్ ఫోను చెవికి నొక్కి పట్టుకుని గడియారం ముల్లు వంక చూస్తూ నిలబడ్డాడు. ముల్లు ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో ఉంది. జీవితంలో మొదటిసారి, హాస్కిల్ తనకంటే వేగంగా పరిగెత్తగలిగితే బాగుండునని మనసారా కోరుకున్నాడు.

లెస్టర్ బల్ల దగ్గరి నుంచి కదల్లేదు. మరో రొట్టె ముక్క వేళ్ళ మధ్య పట్టుకుని ఫోను వైపే చెవి ఒగ్గి ఉన్నాడు.

మళ్ళీ బూట్ల చప్పుడు. ఈసారి నడక. హాస్కిల్ రొప్పు గదంతా వినిపించేటట్టుంది.

"వెండెల్, ఉన్నావా? తాగలేదు. మూతే తియ్యలేదు."

వెండెల్ గోడకు నుదురు ఆనించాడు. "దేవుడి దయ."

"సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇవ్వమంటే ఇవ్వడు. దాహంగా లేదా అని అడిగాను." హాస్కిల్ గొంతులో పొద్దుటి వెటకారం లేదు. "'క్లియో రానీ, ఇద్దరం కలిసే తాగుతాం' అంటున్నాడయ్యా. వాడు పోయాడన్న సంగతి మళ్ళీ మరిచిపోయాడు. నన్నేం చెయ్యమంటావ్, చెప్పమంటావా?"

"వద్దు. ఆ సీసా నీ దగ్గర పెట్టు. మిగతాది నేనొచ్చి చెప్తాను."

ఫోనులోని ప్రతి మాటా బల్ల దాకా వినిపించింది. లెస్టర్ చేతిలోని రొట్టె ముక్క జారి కాఫీలో పడింది. అతను దాన్ని తియ్యలేదు. అలమరలోని సున్నపు బొమ్మ వంక, దాని చేతిలోని బకెట్ వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పుడు కూడా వాళ్ళిద్దరేనా" అన్నాడు.